ఊఁ కొట్టేవాడు

చి. నానీకి, నాన్న దీవించి రాయునది.

ఇక్కడ అందరం కులాసా. నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి ఉత్తరం. పద్మత్తయ్య వియ్యంకుడు నువ్వు ఉద్యోగం మానేశావని అన్నాడట. నేను పట్టించుకోలేదులే. మీ అమ్మకే మూడు రోజులుగా నిద్ర లేదు.

నాకూ పట్టక, రాత్రి జాజ్ సాక్సోఫోన్ వాయించే లెస్టర్ యంగ్ రికార్డులు పెట్టుకున్నా. 1937లో పియానో వాయించే టెడ్డీ విల్సన్ చిన్న బృందంతో బిల్లీ హాలిడే పాడిన పాటలు. చిన్నప్పుడు 'ఈ గోలేంటి నాన్నా' అని చెవులు మూసుకునేవాడివి. ఆవిడ ఒక ముక్క పాడి ఆగుతుంది చూడు, ఆ సందులో ఇతని సాక్సోఫోన్ మెల్లగా ఏదో అంటుంది, కథ వింటూ ఊఁ కొట్టినట్టు. పాటకి అడ్డురాడు, ఆవిణ్ణి ఒంటరిగానూ వదలడు. పెద్ద బ్యాండు మోతలో ఇంత చిన్న ఊఁ ఎవరికి వినబడుతుంది? ఏడుగురే వాయిస్తున్నారు కాబట్టి తెలుస్తుంది. మూడేసి నిమిషాల రికార్డులు, ఎన్నిసార్లు విన్నా నాకు పాతబడవు. నువ్వు ఆ ఊఁ కూడా అనడం లేదు.

లెస్టర్ కథ నీకు చెప్పానా? 1934లో ఫ్లెచర్ హెండర్సన్ బ్యాండు నుంచి సాక్సోఫోన్ వాయించే కోల్మన్ హాకిన్స్ వెళ్ళిపోతే, ఆ చోట్లోకి ఇతన్ని తెచ్చారు. హాకిన్స్‌ది గది నిండిపోయే నాదం, ఇతనిది పలచన. తోటివాళ్ళు మొహాలు చిట్లించారు. హెండర్సన్ భార్య లియోరా పొద్దున్నే హాకిన్స్ రికార్డులు పెట్టి వినిపించేది, ఇలా వాయించాలని. (మీ అమ్మ నీకు శర్మగారబ్బాయి మార్కులు చదివి వినిపించేది, గుర్తుందా? ఆవిడదీ మంచి ఉద్దేశమే.) ఇతను విన్నాడు, మారలేదు. కొన్ని నెలలకే బయటికొచ్చేశాడు. వస్తూ వస్తూ, తనని తీసెయ్యలేదని రాసిమ్మని హెండర్సన్‌ని ఒక కాగితం అడిగాడు! అంత మొండివాడికీ ఆ బెంగ తప్పలేదు. రెండేళ్ళకి, 1936లో, మీ షికాగోలోనే, పియానో వాయించే కౌంట్ బేసీతో కలిసి ఐదుగురే వాయించి నాలుగు పాటలు రికార్డు చేశారు. బేసీకి వేరే కంపెనీతో ఒప్పందం, అందుకని ఆయన పేరు కూడా వెయ్యలేదు. లెస్టర్‌కి అవే మొదటి రికార్డులు. అప్పటికి 27 ఏళ్ళు. నీ వయసే.

అలాగని ఉద్యోగం మానెయ్యమని కాదు సుమా. వీసా గడువులుంటాయి, ఇన్సూరెన్స్ లేకుండా ఆ దేశంలో పన్ను పీకించుకోవడం కూడా కష్టమంటారు. డబ్బు దాచుకో, లాయర్ని కనుక్కో, ఉదయమే లేవడం అలవాటు... సరే, ఉపన్యాసం వద్దనుకుంటూనే మొదలెట్టాను. నువ్వే మానేసినా, వాళ్ళే తీసేసినా, మాకు కాగితం చూపించక్కర్లేదు.

చలికోటు జిప్ బాగుచేయించావా? కందిపొడి పంపాం, తడి చెంచా పెట్టకు. ఆదివారం నీకు రాత్రి తొమ్మిదయ్యాక ఫోన్ చేస్తా. ఏమీ చెప్పకపోయినా సరే, ఎత్తు.

మీ నాన్న

అమ్మ పక్కనుంచి అడగమంటోంది, తలకి నూనె రాస్తున్నావా?