అత్తకు ఐదేళ్లు, కోడలికి ఆరు నెలలు: కెనడా ఇమ్మిగ్రేషన్ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి లీనా మెట్లెజ్ డియాబ్ గారికి,

నమస్కారం. నేను తెనాలి దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. ప్రస్తుతం బ్రాంప్టన్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఈ ఉత్తరం ఇంగ్లీషు ప్రతిని మా అబ్బాయి మీ కార్యాలయానికీ, ఇక్కడి ఎంపీ గారికీ పంపుతున్నాడు. తెలుగులో నలుగురి ముందూ పెట్టడం ఎందుకంటే, ఇందులో రాసిన కష్టం మా ఒక్క ఇంటిది కాదు. గుడికి వెళ్లినా, ఇండియన్ షాపులో బెండకాయలు ఏరుకుంటున్నా ఎవరో ఒకరు ఇదే మాట ఎత్తుతున్నారు.

మా ఇంట్లో ముగ్గురం. మా అబ్బాయికి పీఆర్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, ఉంది. నాది సూపర్ వీసా. మా కోడలు విజిటర్. సూపర్ వీసా మీద వచ్చే తల్లిదండ్రులను 2022 జూలై 4 నుంచి మీ ప్రభుత్వం ఒక్కసారి వస్తే ఐదేళ్ల దాకా ఉండనిస్తోంది. అంతకుముందు అది రెండేళ్లే. నేను దిగిన రోజు విమానాశ్రయంలో అధికారి నా పాస్‌పోర్టులో ముద్ర వేసి, పక్కన పెన్నుతో ఐదేళ్ల తర్వాతి తేదీ రాసిచ్చారు. మా కోడలికి ఆరు నెలలు. నేను కొన్నాళ్లు కొడుకు దగ్గరుండి, ఓపిక ఉన్నప్పుడే మా ఊరు వెళ్లిపోయే మనిషిని. ఆమె ఇక్కడ కాపురం చెయ్యడానికి వచ్చిన పిల్ల. ఆమెకూ పీఆర్ ఇవ్వమని మా అబ్బాయి స్పాన్సర్‌గా సంతకం పెట్టాడు. పీఆర్ వచ్చాక మూడేళ్లపాటు ఆమె బాధ్యత తనదేనని ప్రభుత్వానికి రాసిచ్చాడు. వెళ్లిపోయే మనిషికి ఐదేళ్లు, ఉండిపోయే మనిషికి ఆరు నెలలు. మంత్రి గారూ, దీన్ని సరిచెయ్యమని అడగడానికే ఈ ఉత్తరం.

మాకు ఇచ్చింది తగ్గించమని నా ఉద్దేశం కాదు. తల్లిదండ్రుల విషయంలో మీ దేశం చూపిన మర్యాద పెద్దది. దానికి షరతులు కూడా సబబుగానే పెట్టారు. నాకు లక్ష డాలర్లకు తక్కువ కాకుండా ఆరోగ్య బీమా కట్టాడు మా అబ్బాయి. తన ఆదాయం చూపించాడు. నేను వైద్య పరీక్ష చేయించుకున్నాను. ఆ షరతులే కోడలికీ పెట్టండి. కాదనేవాళ్లు ఎవరూ లేరు.

భార్యాభర్తల స్పాన్సర్‌షిప్ ఫైలు తేల్చడానికి మీ శాఖ పెట్టుకున్న ప్రమాణమే 12 నెలలు. విజిటర్‌గా వచ్చిన భార్యను మామూలుగా ఉండనిచ్చేది 6 నెలలు. అంటే అన్నీ సజావుగా, అనుకున్న టైముకి జరిగినా సరే, గడువు పొడిగించమని ఆ అమ్మాయి మధ్యలో మళ్లీ అర్జీ పెట్టుకోక తప్పదు. ఈ సంగతి ఆమె విమానం దిగిన రోజే మీకూ తెలుసు, మాకూ తెలుసు. తెలిసి తెలిసి ఒకే మనిషి గురించి రెండు ఫైళ్లు తెరిపిస్తున్నారు. ఒక అధికారి ఆమె ఇక్కడ స్థిరపడటానికి అర్హురాలా అని చూస్తుంటే, ఇంకో అధికారి ఆమె ఇంకో ఆరు నెలలు ఉండొచ్చా అని చూస్తుంటారు. ఫైళ్లు గుట్టలు పడుతున్నాయని మీ శాఖే చెబుతుంటుంది కదా. ఆ గుట్టలో ఈ రెండో ఫైలు ఎందుకుండాలి?

గడువు దగ్గర ఎంతమంది పొరపాటు పడుతున్నారో మీరు ఒకసారి వినాలి. వీసా గడువు వేరు, దేశంలో ఉండే గడువు వేరు అన్న సంగతి మావాళ్లలో చాలామందికి తెలియదు. టొరంటో పియర్సన్ విమానాశ్రయంలో దిగితే ముందు మెషిన్ దగ్గర నిలబడాలి. అది ఫొటో తీసి ఒక చీటీ ఇస్తుంది. తర్వాత అధికారి పాస్‌పోర్టు చూస్తారు. కొందరికి ముద్ర పడుతుంది, తేదీ రాయరు. కొందరికి ముద్రే పడదు. అప్పుడు రూలు ఏమిటంటే, వచ్చిన రోజు నుంచి ఆరు నెలలు. ఆ రూలు చేతికి ఏ కాగితం మీదా రాసివ్వరు. గుడిలో ప్రసాదం వడ్డించే దగ్గర పరిచయమైన ఒకమ్మాయి తన పాస్‌పోర్టు తీసి నాకు చూపించింది. వీసా స్టిక్కర్ మీద ఇంకా ఏళ్ల తరబడి గడువుంది. దాన్నే నమ్ముకుని నిశ్చింతగా ఉండిపోయింది. ఆరు నెలలు దాటిపోయాక ఎవరో చెబితే గుండె జారిపోయింది. స్టేటస్, అంటే దేశంలో సక్రమంగా ఉండే అనుమతి, పోయిన తర్వాత 90 రోజుల్లోపు అయితే తిరిగి ఇవ్వమని అడిగే వీలుంది కాబట్టి పరుగులు పెట్టి అర్జీ పెట్టుకున్నారు. చదువుకున్న పిల్ల, బీటెక్ చేసిన పిల్ల. ఆమెకే ఇలా అయితే, ఇంగ్లీషు రాని వాళ్ల గతేమిటి?

జాగ్రత్తగా ఉన్నవాళ్లకి ఇంకో రకం యాతన. మా ఇంట్లో గోడ మీది తెలుగు క్యాలెండరులో కోడలి గడువు తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో గీసి ఉంది. దానికి నెల ముందు ఇంకో గీత, ఎందుకంటే 30 రోజుల ముందే అర్జీ పెట్టుకోమని మీ శాఖ సలహా. అర్జీకి 100 డాలర్లు. డబ్బు సంగతి పక్కన పెట్టండి. అర్జీతో పాటు ఒక ఉత్తరం రాయాలి: ఎందుకు ఉండాలనుకుంటున్నారు, ఎప్పుడు వెళతారు, ఖర్చులు ఎవరు భరిస్తారు అని. మొగుడి దగ్గర ఎందుకు ఉండాలో కారణం రాయవలసి వచ్చినప్పుడు మా కోడలు చాలాసేపు ఖాళీ తెర ముందు కూర్చుంది. చివరికి మా అబ్బాయి పక్కన కూర్చుని రాయించాడు: పీఆర్ కోసం ఎదురుచూస్తున్నాను, అది రాకపోతే గడువులోపు వెళ్లిపోతాను అని. ఒకే మనిషికి ఇక్కడ స్థిరపడాలన్న కోరికా, తాత్కాలికంగా ఉండి వెళ్లే ఉద్దేశమూ రెండూ ఉండొచ్చని మీ ఇమ్మిగ్రేషన్ చట్టం 22వ సెక్షన్‌లోనే రాసి ఉందట. మంచి మాట. కానీ ఆ మాటను రుజువు చేసుకునే భారం ప్రతిసారీ ఆ అమ్మాయి నెత్తినే పడుతోంది.

అర్జీ గడువులోపు పెడితే, జవాబు వచ్చేదాకా స్టేటస్ నిలిచే ఉంటుంది. దీన్ని ఇదివరకు ఇంప్లైడ్ స్టేటస్ అనేవారట, ఇప్పుడు మెయింటెయిన్డ్ స్టేటస్ అంటున్నారు. చట్టం దృష్టిలో మా కోడలు సక్రమంగానే ఉన్నట్టు. కానీ ఎవరైనా అడిగితే ఆమె చూపించగలిగింది ఆన్‌లైన్‌లో అర్జీ అందిందన్న రసీదు ఒక్కటే. ఆ రసీదు ప్రింటు తీసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, పాస్‌పోర్టుతో పాటు హ్యాండ్‌బ్యాగులో వేసుకుని తిరుగుతుంది. కూరగాయలకు వెళ్లినా సరే.

అన్నిటికంటే కష్టమైన సంగతి ఇప్పుడు చెబుతాను. ఆమెను పెంచింది వాళ్ల అమ్మమ్మ. తల్లి ఉద్యోగానికి వెళితే పొద్దున్నే జడలు వేసి, క్యారేజీ కట్టి బడికి పంపింది ఆవిడే. ఈ మధ్య ఆవిడ పోయారు. ఫోను వచ్చినప్పుడు ఇక్కడ తెల్లవారుజాము. మా అబ్బాయి వెంటనే టికెట్లు చూడటం మొదలుపెట్టి, మధ్యలోనే ఫోను పక్కన పెట్టేశాడు. ఆమెకు వచ్చింది ఒక్కసారి ప్రవేశించే వీసా. అది వాడేసుకుంది. 2024 నవంబరు నుంచి ఎక్కువసార్లు వచ్చిపోయే వీసాను మామూలుగా ఇవ్వడం మానేశారు కదా, చాలామందిది ఇదే పరిస్థితి. గడువు పొడిగిస్తూ ఇచ్చే విజిటర్ రికార్డు అనే కాగితం ఉన్నా అది వీసా కాదు, దాంతో తిరిగి రాలేరు. వెళితే మళ్లీ హైదరాబాదులో కొత్త వీసాకు అర్జీ పెట్టి కూర్చోవాలి. ఇస్తారో లేదో తెలియదు. వీళ్లు పెట్టింది కెనడాలో కలిసి ఉన్న భార్యాభర్తల కేటగిరీ. ఇద్దరూ ఇక్కడ ఒకే ఇంట్లో ఉండటమే దానికి ఆధారం. ఆమె అక్కడే చిక్కుకుపోతే ఆ ఫైలే కూలిపోవచ్చు. పైగా ఆ కేటగిరీలో కాదంటే అప్పీలు బోర్డుకు వెళ్లే హక్కు కూడా లేదు, ఫెడరల్ కోర్టు ఒక్కటే గతి.

వెళ్లలేదు. సోఫాలో కూర్చుని వాట్సాప్ వీడియోలో చూసింది. ఎవరో తమ్ముడు ఫోను పట్టుకుని పాడె వెనక నడుస్తుంటే బొమ్మ ఊగుతూ ఉంది, మధ్యమధ్యలో ఆగిపోతూ ఉంది. నేను పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకోవడం తప్ప ఏమీ చెయ్యలేకపోయాను. నా వీసా మీద నేను ఎన్నిసార్లయినా వెళ్లి రావచ్చు. ఆ రోజు ఆ ఇంట్లో విమానం ఎక్కగలిగిన ఆడమనిషిని నేనొక్కదాన్నే, పోయిందేమో ఆమె అమ్మమ్మ.

మీ శాఖ దయలేనిదని నేను అనను. 2005 ఫిబ్రవరిలోనే ఒక విధానం తెచ్చారు. కెనడాలో ఉన్న జీవిత భాగస్వామికి స్టేటస్ లేకపోయినా, గడువు దాటిపోయి ఉన్నా, ఆ ఒక్క కారణంతో స్పాన్సర్‌షిప్ తోసిపుచ్చకూడదన్నారు. భార్యాభర్తల్ని విడదీస్తే కలిగే కష్టాన్ని తప్పించడమే దాని ఉద్దేశమని చెప్పారు. చాలా గొప్ప నిర్ణయం. సరిగ్గా దాన్ని పట్టుకునే నేను అడుగుతున్నాను. స్టేటస్ పోయినవాళ్ల ఫైలును కూడా చూస్తామని మీరే మాటిచ్చినప్పుడు, స్టేటస్ కాపాడుకోవాలని ప్రాణం పెట్టేవాళ్లకు ఫైలు తేలేదాకా దాన్ని ఇచ్చేస్తే ప్రభుత్వానికి పోయేదేముంది? గడువు దాటించినవాళ్లను క్షమించే మనసు, దాటించకుండా ఉండాలనుకునేవాళ్లకు చెయ్యి అందించడానికి ఎందుకు వెనకాడాలి?

ఎక్కడైనా ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపెన్ వర్క్ పర్మిట్ ఉంది కదా అని మీ అధికారులు అనవచ్చు. ఉంది, మేలు కూడా జరిగింది. 2014 డిసెంబరులో ప్రయోగంగా మొదలుపెట్టారు, 2023 మే నెలలో దాన్ని ఇంకా విస్తరించారు. భార్యాభర్తల విజిటర్ వీసాలు త్వరగా చూస్తామని కూడా అప్పుడే ప్రకటించారు. మా కోడలు మా అబ్బాయి దగ్గరికి రాగలిగింది ఆ పుణ్యానే. కానీ పర్మిట్ అంటే మరో అర్జీ, మరో రుసుము, మరో ఎదురుచూపు. స్పాన్సర్‌షిప్ ఫైలు అందిందన్న లేఖ మీ దగ్గర్నుంచి వస్తేనే మామూలుగా దానికి అర్జీ పెట్టుకోగలరు. ఫారంలో ఒక సంతకం తప్పిందనో, ఒక పత్రం తగ్గిందనో ఫైలు మొత్తం వెనక్కి వస్తే ఆ లేఖ రాదు, ఆరు నెలల గడియారం మాత్రం ఆగదు. పర్మిట్ చేతికొచ్చినా వీసా లేకపోతే ఊరెళ్లి తిరిగి రాలేకపోవడం అలాగే ఉంటుంది. పైగా అందరూ ఉద్యోగానికే రాలేదు. నెలలు నిండుతున్న అమ్మాయి ఉంటుంది, పెద్ద వయసులో తోడు దొరికిన మనిషి ఉంటారు. వాళ్లకు కావలసింది పని చేసుకునే అనుమతి కాదు, భయం లేకుండా ఇంట్లో ఉండే అనుమతి.

దొంగ పెళ్లిళ్ల మాట కూడా వస్తుంది. రావాలి కూడా. మా ఆంధ్రాలో, తెలంగాణలో అలాంటివి జరగవని నేను చెప్పలేను. అయితే వాటిని పట్టుకోవడానికి స్పాన్సర్‌షిప్ ఫైలే ఉంది. మొదట ఎక్కడ కలిశారు, ఎవరు పరిచయం చేశారు, పెళ్లికి ఎవరెవరు వచ్చారు అన్నీ అడుగుతారు. మా వాళ్లు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు సర్టిఫికెట్టు, తాళి కట్టే ఫొటోలు, ఫోను మాటల చిట్టాలు అన్నీ జత చేశారు. స్పాన్సర్‌షిప్ మీద వచ్చినవాళ్లు ఐదేళ్లదాకా ఇంకొకరిని భాగస్వామిగా స్పాన్సర్ చెయ్యకూడదన్న నిబంధన 2012 నుంచి అమల్లో ఉంది. అబద్ధమని తేలితే ఫైలు కొట్టెయ్యండి, ఉండే అనుమతి కూడా ఆ రోజుతోనే ముగిసిపోతుంది. నిజమైన భార్యను మధ్యలో పదేపదే గడువు అడిగించడం వల్ల దొంగలెవరూ దొరకరు.

నేను అడిగేది ఇది. కెనడాలో కలిసి ఉంటున్న భార్యాభర్తల స్పాన్సర్‌షిప్ ఫైలు అందిందని మీ శాఖ లేఖ ఇచ్చిన రోజునే, ఆ ఫైలు తేలేదాకా ఇక్కడ ఉండే అనుమతిని అదే లేఖలో ఇవ్వండి. వేరే అర్జీ వద్దు. బీమా కావాలంటే సూపర్ వీసాకు అడిగినంతే అడగండి. వీసా అవసరమైన మా బోటి దేశాలవాళ్లకు ఆ కాలమంతా వెళ్లి వచ్చే వీసా కూడా దానితోనే ఇవ్వండి. చావు, పురుడు, తల్లిదండ్రుల ఆపరేషన్ ఇవి ఎవరి ఫైలు కోసమూ ఆగవు. దీనికి పార్లమెంటులో కొత్త చట్టం అక్కర్లేదని మా అబ్బాయి చెప్పాడు. ప్రజా ప్రయోజనం కోసం ఇలాంటి విధానాలు తెచ్చే అధికారం చట్టంలోని 25.2 సెక్షన్ కింద మీ చేతిలోనే ఉందట. కుటుంబాలను కెనడాలో కలపడం ఆ చట్టం మొదట్లోనే, 3వ సెక్షన్‌లోనే, లక్ష్యంగా రాసి ఉంది.

ఇది ఆలస్యమవుతుందనుకుంటే, ఈలోపు ఒక చిన్న పని మాత్రం వెంటనే చెయ్యవచ్చు. విమానాశ్రయంలో మెషిన్ ఇచ్చే చీటీ మీద, ఫలానా తేదీ దాకా ఉండొచ్చు అని అచ్చు వేయించండి. ఆ తేదీకి రెండు నెలల ముందు వాళ్ల ఈమెయిలుకు ఒక కబురు పంపించండి.

మీ జవాబు కోసం ఎదురుచూస్తాను. ఇంగ్లీషులో రాసినా ఫర్వాలేదు, మా కోడలు చదివి చెబుతుంది.

గౌరవంతో,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు
బ్రాంప్టన్, ఆంటారియో