బీప్ విని దారి చూపిన అక్కకి

కొత్త కంప్యూటర్‌కి డిస్‌ప్లే వచ్చింది. విండోస్ ఎక్కుతోంది. ఆ శాతం అంకె ముందుకి కదులుతుంటే పక్కన కూర్చుని ఫోన్లో ఇది టైప్ చేస్తున్నాను. కళ్ళు మూతలు పడుతున్నాయి, తప్పులుంటే సర్దుకోండి. పడుకుని లేచాక రాద్దామంటే ఇప్పుడున్నంత వేడిగా రాయలేనేమోనని భయం.

ఈ కృతజ్ఞత ముఖ్యంగా ఒకావిడకి. ముఖపరిచయం లేదు. తెలిసినవాళ్ళకి తెలిసినవాళ్ళ ద్వారా నంబరు దొరికింది. మదర్‌బోర్డులు రిపేరు చెయ్యడమే ఆవిడ పని. పేరు రాయొద్దన్నారు, రాయను. మేడమ్ అంటే వద్దని అక్కా అనమన్నారు, కాబట్టి అక్క అనే రాస్తాను.

ఆవిడకి ఫోన్ చేసేనాటికి పరిస్థితి ఇది: కొత్తగా అసెంబుల్ చేసిన మిషన్. స్విచ్ నొక్కితే ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, మానిటర్ మాత్రం నో సిగ్నల్ అంటుంది. బీప్ లేదు, ఏమీ లేదు. మదర్‌బోర్డు పోయిందని ఒకరు, ప్రాసెసర్ పోయిందని ఇంకొకరు తేల్చేశారు. అక్క మొదట అన్నమాట, "ఫ్యాన్లు తిరుగుతున్నాయి కదా, మీరేం కాల్చెయ్యలేదు. నెమ్మదిగా చూద్దాం." అప్పటిదాకా ఆ ముక్క ఒక్కరూ అనలేదు. గొంతు పట్టేసి కాసేపు జవాబు చెప్పలేకపోయాను. ఆవిడ అది గమనించీ గమనించనట్టు, "బోర్డు మీద స్పీకర్ ఉందా?" అని అడిగారు.

లేదు. ఇప్పుడు చాలా బోర్డులతో ఇవ్వడం లేదు. క్యాబినెట్‌తోనూ రాదు. 1981లో వచ్చిన ఐబీఎమ్ పీసీలోనే స్పీకర్ ఉంది. ఆన్ చెయ్యగానే తనని తాను పరీక్షించుకుని, బాగుంటే ఒక చిన్న బీప్ కొట్టేది. ఇప్పుడు రంగురంగుల లైట్లు బోలెడు, గోటి సైజు బజర్ మాత్రం పెట్టెలో ఉండదు. ఖరీదైన బోర్డుల్లో సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (మెమరీ), వీజీఏ (తెర బొమ్మ), బూట్ అని నాలుగు చిన్న లైట్లుంటాయి, ఎక్కడ ఆగిపోయిందో ఆ లైటు వెలిగి చెబుతుంది. మా బోర్డులో అవీ లేవు. అంటే దానికి నోరూ లేదు, సైగా లేదు. స్పీకర్ ఎలాగో సంపాదించాం (ఎవరిచ్చారో కింద చెబుతాను). బోర్డు మీద నాలుగు పిన్నుల హెడరు (ప్లగ్గు దిగే పిన్నుల వరస), నాలుగు బొక్కల ప్లగ్గు, వైర్లు మాత్రం రెండు చివర్లలోనే. ఎర్ర వైరు ప్లస్ వైపు. బోర్డు కింది అంచున ఎస్‌పీకేఆర్ అనో స్పీకర్ అనో రాసి ఉంటుంది, కొన్నిటిలో ఫ్రంట్ ప్యానెల్ పిన్నుల గుంపులోనే కలిసిపోయి ఉంటుంది.

స్పీకర్ పెట్టినా నిశ్శబ్దమే. అప్పుడు ఆవిడ చేయించిన పరీక్ష ప్రతి ఒక్కరూ గుర్తుపెట్టుకోవాలి. వెనక ఎస్‌ఎమ్‌పీఎస్ (కరెంటు సరఫరా చేసే పెట్టె) స్విచ్ ఆఫ్ చేసి, ప్లగ్గు పీకి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుని మిగిలిన కరెంటు పోనిచ్చాక, ర్యామ్ (మెమరీ స్టిక్కులు) మొత్తం తీసెయ్యమన్నారు. ఒక్క స్టిక్ కూడా లేకుండా ఆన్ చెయ్యాలి. ర్యామ్ లేదని బోర్డు బీప్ కొట్టి గోల చేస్తే ప్రాసెసర్ నడుస్తోందనీ, బయోస్ (బోర్డుని మొదట లేపే ప్రోగ్రాం) బతికే ఉందనీ అర్థం. ర్యామ్ లేకపోయినా గోల చెయ్యకపోతే తేడా అంతకంటే ముందే ఉంది: ప్రాసెసర్‌కి కరెంటు అందకపోవడం, సాకెట్‌లో (ప్రాసెసర్ కూర్చునే చోట) పిన్ను వంగడం, బయోస్ ఆ ప్రాసెసర్‌ని గుర్తుపట్టనంత పాతది కావడం. ఈ మూడింట్లో మొదటిది ఎక్కువగా జరుగుతుంది, చూడడమూ సులువు. అందుకే అది చూడకుండా ప్రాసెసర్ మీదున్న కూలర్ విప్పొద్దన్నారు.

మాది మాట్లాడలేదు.

బోర్డు పైన ఎడమ మూలలో ప్రాసెసర్‌కి విడిగా ఎనిమిది పిన్నుల ప్లగ్గు ఉంటుంది. ఇరవై నాలుగు పిన్నుల పెద్ద ప్లగ్గు ఒక్కటే పెట్టినా ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి. కానీ ప్రాసెసర్‌కి 12 వోల్టులు వెళ్ళేది ఈ చిన్నదాంట్లోంచి. "ఫోటో పంపండి" అన్నారు. పంపాం. "ఇటు బాగానే ఉంది, నాలుగూ నాలుగూ కలిపి పూర్తిగా దిగాయి. ఇప్పుడు ఆ కేబుల్ రెండో చివర ఫోటో." ఎస్‌ఎమ్‌పీఎస్ వైపుది. అది క్యాబినెట్ అడుగున రేకు మూతలో దాగి ఉంటుంది, బోర్డు వైపు చూసినంత శ్రద్ధగా అటువైపు ఎవరూ చూడరు. ఫోటో చూడగానే అక్క, "అదిగో, గొళ్ళెం పడలేదు" అన్నారు. ప్లగ్గు లోపలికి వెళ్ళింది గానీ క్లిక్‌మనలేదు. ఒక పక్క రెండు మిల్లీమీటర్లు పైకి ఉంది. మాడ్యులర్ (కేబుళ్ళు విడిగా ఊడొచ్చే) ఎస్‌ఎమ్‌పీఎస్‌లలో ఇది తరచూ జరిగేదేనట. కేబుల్‌ని వెనక నుంచి తిప్పి లాగేటప్పుడు అవతలి కొస కదిలిపోతుంది.

ఈ మాట మీదే ఆవిడ ఒక్కసారి గట్టిగా మాట్లాడారు. వేరే ఎస్‌ఎమ్‌పీఎస్ కేబుల్ తెచ్చి ఇందులో ఎప్పుడూ పెట్టొద్దు. బోర్డు వైపు ప్లగ్గులకి ప్రమాణం ఉంది, ఎస్‌ఎమ్‌పీఎస్ వైపు లేదు. వేరే కేబుల్ అచ్చంగా అదే ఆకారంలో ఉండి, గట్టిగా దిగి, 12 వోల్టులు ఉండాల్సిన చోట గ్రౌండు, 5 వోల్టులు ఉండాల్సిన చోట 12 పంపగలదు. అలాంటప్పుడు ఎక్కువగా పోయేవి హార్డ్ డిస్కులు. ఒకే కంపెనీ అయినా మోడల్ మారితే సరిచూసుకోవాల్సిందే. ఇంకోటి, ప్రాసెసర్‌దీ, బొమ్మని తెరకి పంపే గ్రాఫిక్స్ కార్డుదీ రెండూ ఎనిమిది పిన్నులే. ప్రాసెసర్‌ది మధ్యకి చీలి నాలుగు, నాలుగు అవుతుంది. కార్డుది ఆరు, రెండుగా చీలుతుంది. దిగట్లేదంటే అది ఇది కాదని అర్థం, బలం వాడకూడదు. పేపర్ క్లిప్‌తో పచ్చ వైరూ నల్ల వైరూ కలిపి ఎస్‌ఎమ్‌పీఎస్ పరీక్షిస్తామంటే వద్దన్నారు. ఫ్యాను తిరుగుతుందని మాత్రమే అది చెబుతుంది, లోడ్ పడితే నిలబడుతుందో లేదో చెప్పదు. ఆ ఫ్యాను ఎలాగూ తిరుగుతూనే ఉంది.

గొళ్ళెం పడేదాకా నొక్కి, ర్యామ్ లేకుండానే మళ్ళీ ఆన్ చేశాం. ఒక పొడుగు బీప్, రెండు పొట్టివి. ఆగి, మళ్ళీ అవే. ఫోన్ క్యాబినెట్ దగ్గర పెట్టమని విని, అక్క నవ్వేశారు. "ఏడుస్తోంది కదా, ఇక భయం లేదు!"

ఇక్కడో ముఖ్యమైన సంగతి. బీప్‌లకి అందరికీ ఒకే నిఘంటువు లేదు. మా బోర్డు మాన్యువల్‌లో ఒక పొడుగూ రెండు పొట్టీ అంటే ర్యామ్ కనపడలేదని, ఒక పొడుగూ మూడు పొట్టీ అంటే గ్రాఫిక్స్ కార్డు కనపడలేదని. పాత అవార్డ్ కంపెనీ బయోస్‌లో అదే ఒకటీ రెండూ అంటే డిస్‌ప్లే తేడా. పాత ఏఎమ్‌ఐ (ఇంకో బయోస్ కంపెనీ) పట్టికలో ఒకటీ మూడూ అంటే ర్యామ్ తేడా. పూర్తిగా తలకిందులు! ఎక్కడో దొరికిన పట్టిక పట్టుకుంటే గ్రాఫిక్స్ కార్డు సరిగా కూర్చోని పాపానికి బంగారంలాంటి ర్యామ్ మార్చేస్తారు. బోర్డు మోడల్ నంబరు వెతికి ఆ బోర్డు మాన్యువలే చూడాలి. లెక్కపెట్టేటప్పుడు కూడా మొదటి వరస వదిలేసి, మధ్యలో వచ్చే విరామం నుంచి మొదలుపెట్టాలి. లేకపోతే వరస చివరి పొట్టిబీప్ తర్వాతి వరసలో కలిసి లెక్క తప్పుతుంది.

తర్వాత ఒకే ఒక్క ర్యామ్ స్టిక్, ప్రాసెసర్ నుంచి లెక్కపెడితే రెండో స్లాట్‌లో. రెండు స్టిక్కులుంటే రెండూ నాలుగూ. బోర్డు మీద ఏ2, బీ2 అని ఉంటుంది. గొళ్ళెం ఒకవైపే ఉన్న స్లాట్లలో రెండోవైపు దిగిందో లేదో కంటితో చూడాలి, చప్పుడు నమ్మకూడదు. ఆన్ చేశాం. మళ్ళీ నిశ్శబ్దం. ఆఫ్ చేద్దామని చెయ్యి వెళ్ళింది. "ముట్టుకోవద్దు. డీడీఆర్5 రకం ర్యామ్ కదా, బోర్డు మొదటిసారి దానితో లెక్కలు కుదుర్చుకుంటోంది. నిమిషాలు పట్టొచ్చు. మధ్యలో ఆఫ్ చేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. నేను లైన్లోనే ఉంటాను."

ఉన్నారు. అవతల ఆవిడ కూతురు అన్నానికి పిలుస్తున్న గొంతు వినిపిస్తోంది, "మీరు తినండి, వస్తా" అంటున్నారు. ఏమీ మాట్లాడకుండా, చల్లారిపోయే అన్నం పక్కన పెట్టి, ముక్కూ మొహం తెలియనివాళ్ళ మిషన్ కోసం ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని కూర్చున్నారు. ఇంత చదివినవాళ్ళకి ఇది చిన్న విషయంగా అనిపించొచ్చు. నాకు కాదు.

నిమిషాలు గడిచాక ఒక పొడుగు బీప్, మూడు పొట్టివి. ఈసారి ర్యామ్ దాటింది. ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంది, అంటే అందులో గ్రాఫిక్స్ లేదు, బోర్డు వెనక హెచ్‌డీఎమ్‌ఐకి మానిటర్ పెట్టినా ఎప్పటికీ ఏమీ రాదు. కార్డే పలకాలి. కార్డు వెనక రేకు క్యాబినెట్ అంచుకి తగిలి, స్లాట్ చివరనుండే చిన్న గొళ్ళెం పడకుండా ఆపుతోంది. క్యాబినెట్ వైపు స్క్రూ విప్పేసి, ముందు స్లాట్‌లోకి క్లిక్ అయ్యేదాకా నొక్కి, తర్వాత స్క్రూ బిగించమన్నారు. ముందు స్క్రూ బిగిస్తే కార్డు ఓ మూల పైకి లేస్తుంది. కార్డుకి పవర్ ప్లగ్గులు రెండుంటే రెండు వేర్వేరు కేబుళ్ళు లాగడం మంచిదట, ఒకే కేబుల్ తోకకి రెండోది తగిలించడం కంటే. కొత్తరకం పదహారు పిన్నుల ప్లగ్గు అయితే సందు కనపడకుండా పూర్తిగా దిగాలి. సగం దిగితే అక్కడే వేడెక్కి కరుగుతుంది.

ఒకే ఒక్క పొట్టి బీప్. డిస్‌ప్లే.

వెంటనే సీపీయూ ఫ్యాన్ ఎర్రర్, ఎఫ్1 నొక్కండి అని వచ్చింది. గుండె జారింది గానీ అక్కకి అదో లెక్క కాదు. కూలర్ ఫ్యాను ప్లగ్గు పక్కనున్న క్యాబినెట్ ఫ్యాన్ హెడర్‌లో ఉంది, సీపీయూ ఫ్యాన్ అని రాసినదాంట్లోకి మార్చమన్నారు. పోయింది. రెండో ర్యామ్ స్టిక్ పెట్టాక మళ్ళీ కాసేపు నల్ల తెర ఉంటుందని ముందే చెప్పారు, ఉంది. పక్క తలుపు మూసేముందు ముందువైపు యూఎస్‌బీ 3 ప్లగ్గు నిటారుగా నొక్కించారు, ఆ పిన్నులు తేలిగ్గా వంగుతాయి. పవర్ స్విచ్, రీసెట్ వైర్లు ఎటు తిప్పి పెట్టినా ఫరవాలేదు, లైట్ల వైర్లకే ప్లస్ మైనస్ పట్టింపు. డబ్బులు పంపుతామంటే, "ఇంకొకరికి చెప్పండి చాలు" అన్నారు. అందుకే ఇంత వివరంగా రాశాను.

కోపం కూడా ఉంది, దాచుకోను. అమ్మినవాళ్ళని అడిగితే అసెంబుల్ చేసినదానికి మాకు సంబంధం లేదన్నారు. బోర్డు సర్వీసువాళ్ళు ఎస్‌ఎమ్‌పీఎస్ చూసుకోమన్నారు, ఎస్‌ఎమ్‌పీఎస్‌వాళ్ళు బోర్డు చూసుకోమన్నారు. ర్యామ్ తీసి చూశారా అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. బోర్డు పంపేయండి అన్నారు, సాకెట్‌లో పిన్ను వంగితే వారంటీ పోతుందనీ, దానిమీద ప్లాస్టిక్ మూత పెట్టకుండా పంపకూడదనీ చెప్పినవాళ్ళు లేరు. పెట్టెలో స్టిక్కర్లు అరడజను ఉన్నాయి. బీప్‌ల పట్టిక ఉన్న మాన్యువల్ మాత్రం కాగితం మీద లేదు, డౌన్‌లోడ్ చేసుకోవాలట, చేసుకోవడానికి ఆ కంప్యూటరే కదా లేనిది! రెండు వైర్ల బజర్ ఒకటి పెట్టెలో పడెయ్యడానికి ఏం రోగం?

ఇంట్లోవాళ్ళు టార్చి పట్టుకున్నారు, టీలు పెట్టారు. వాళ్ళకి వేరే చెప్పాలా.

పోస్ట్ చేసేముందు గుర్తొచ్చింది, అక్క నంబరు ఇప్పించిన రవాణా ఆఫీసు మిత్రుడికి బోలెడు థ్యాంక్స్, అసలు పేరే మర్చిపోయాను. పాత ఎస్‌ఎమ్‌పీఎస్ కేబుల్ పట్టుకుని పరిగెత్తుకొచ్చిన తమ్ముడూ, వాడనందుకు ఏమీ అనుకోకు, కారణం పైన రాశాను. మాన్యువల్ ప్రింటు తీసిచ్చిన పిన్నిగారికీ. అయ్యో, స్పీకర్! తన పాత డబ్బా విప్పి స్పీకర్ పీకి ఇచ్చింది కింది వాటాలో ఉండే కుర్రాడు. బాబూ, అది ఇంకా మా బోర్డు మీదే ఉంది, నిద్రలేచాక తెచ్చిస్తాను.