2025 జూలై ఉత్తరం: ముందు ఆ పాము సంగతి

మన ఉన్నత పాఠశాల పిలకాయల తల్లిదండ్రులకు, వాళ్ళని ఇంటికాడ సాకుతున్న అవ్వలకు, తాతలకు నమస్కారం. చదవడం రాని పెద్దవాళ్ళకి ఈ ఉత్తరం పిలకాయలే చదివి వినిపించాలి. తమ గురించి రాసిన చోట గబగబా దాటేస్తారు, కాస్త గమనించుకోండి.

నిజానికి ఇది జూన్ నెల ఉత్తరం. 12వ తేదీ బడి తెరిచిన దగ్గర్నుంచి బ్యాగులు, బూట్లు, అడ్మిషన్లు, యాప్‌లో హాజరు, వీటితోనే సరిపోయింది. తీరా రాద్దామని కూర్చునేసరికి జూన్ 30, సోమవారం పొద్దున స్టోర్ రూములో పాము కనిపించింది. ఇక ఊళ్ళో వేరే మాట లేదు. పాలకేంద్రం దగ్గర అదే, బస్టాండులో అదే. మంగళవారం బెంగళూరు నుంచి ఇద్దరు తండ్రులు, కువైట్ నుంచి ఒక తల్లి ఫోన్ చేసి "మేడమ్, ఎంతమందిని కరిచింది?" అని అడిగారు. కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఎవరినీ కరవలేదు. వచ్చింది జెర్రిపోతు. ఒక్కటే. వంటగది పక్కనున్న స్టోర్ రూములో, విరిగిన బెంచీల కింద పడుకుని ఉంది. ప్రార్థనకి ముందు చీపురు కోసం తలుపు తీసిన ఆయమ్మ చూసి కేక పెట్టింది. ఆ కేక విని పదో తరగతి మగపిల్లలు కర్రలు తీసుకుని పరిగెత్తారు, వాళ్ళ వెనక నేను.

వాళ్ళని ఆపింది ఎనిమిదో తరగతి అమ్మాయి. లోపలికి పోలేదు, గడప ఇవతలే నిలబడింది. "కొట్టొద్దన్నా, అది జెర్రిపోతు. పడగ లేదు. కళ్ళు ఎంత పెద్దవో చూడండి, పెదవుల మీద నల్లగీతలు చూడండి" అంది. గొంతులో వణుకు లేదు. వణుకంతా నాకే. నీకెలా తెలుసమ్మా అని తర్వాత అడిగితే, "లైబ్రరీ బీరువాలో అట్ట ఊడిపోయిన పాముల పుస్తకం ఉంది కదా మేడమ్, మూడుసార్లు చదివాను" అంది. ఆ మాట విన్న తర్వాత మంగళవారం వచ్చిన ఏ ఫోనూ నాకు పెద్ద బాధ అనిపించలేదు. పేరు రాద్దామంటే వాళ్ళ అవ్వ దిష్టి తగులుతుందని వద్దంది. ఎవరో మీకందరికీ తెలుసు కాబట్టి నేనూ పట్టుబట్టలేదు.

ఊళ్ళో పాములు పట్టడం తెలిసిన ఆయన వచ్చి, దాన్ని గోతాంలో వేసుకుని చెరువు అవతల కంపల్లో వదిలేసి వచ్చాడు. జెర్రిపోతుకి విషం లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని చంపడం నేరం కూడా. తాచూ జెర్రిపోతూ జతకడతాయి, రెండూ ఒకటేనని బస్టాండులో వాదించిన పెద్దాయనకి కూడా ఇక్కడే చెబుతున్నాను. అది జరిగే పని కాదు. రెండు మగ జెర్రిపోతులు ఒకదాన్నొకటి చుట్టుకుని పెనుగులాడుతుంటే చూసి మనవాళ్ళు అలా అనుకుంటారు.

మరి ఇంత సంగతి అంత ఎలా అయింది? ప్రహరీ గోడ అవతల నుంచి ఎవరో ఫోన్‌లో తీశారు. పదకొండు సెకన్ల వీడియో. అందులో పాము తోక కంటే నా చీర కొంగే ఎక్కువ కనబడుతుంది. దాని కింద "బడిలో తాచుపాము, పిల్లల ప్రాణాలతో చెలగాటం" అని రాసి ఊరి గ్రూపులో పెట్టారు. అక్కడి నుంచి పక్క ఊళ్ళకి పోయేసరికి పాములు రెండయ్యాయి. మంగళవారం ముప్పై మంది దాకా బడికి రాలేదు. నా నంబరు మీ అందరి దగ్గరా ఉంది. స్టడీ సర్టిఫికెట్ కావలసినప్పుడు ఆదివారం మధ్యాహ్నం కూడా చేస్తారు, నేనూ ఎత్తుతాను. ఆ సోమవారం మాత్రం ఊళ్ళో ఉన్నవాళ్ళలో ఒక్కరు కూడా ఫోన్ చేసి నిజమా అని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. ఇంతకంటే ఏమీ అనను.

ఇక మీకు నచ్చని సంగతికి వస్తున్నాను. పాము బడికి ఎలకల కోసం వచ్చింది. ఎలకలు బియ్యం కోసం వచ్చాయని మీరంటారు. ఈ ఏడాది నుంచి మధ్యాహ్న భోజనానికి సన్నబియ్యం 25 కిలోల సీలు బస్తాల్లో వస్తున్నాయి. బస్తాలన్నీ బల్లల మీదే పెట్టాం, ఒక్కటి కూడా కొరికిన గుర్తు లేదు. ఎలకల కాపురం స్టోర్ రూము వెనక గోడకీ ప్రహరీకీ మధ్యనున్న సందులో. పీఈటీ సారూ, పెద్ద తరగతుల పిలకాయలూ, నేనూ కలిసి ఆ సందు శుభ్రం చేస్తే మూడు గోతాల చిప్స్ ప్యాకెట్లు, సగం తిన్న బిస్కెట్లు, చీమలు పట్టిన కేకు ముక్కలు వచ్చాయి. ఇవేవీ మన వంటగదిలో తయారయ్యేవి కావు. గుడ్డు పెంకు ఒక్కటీ లేదు. పిలకాయలు బడిలో పెట్టింది తింటున్నారు, ఇంటి నుంచి పట్టుకొచ్చింది పారేస్తున్నారు.

తెల్లారే పనుల్లోకి పోవాలి, పొద్దున పొయ్యి వెలిగించే తీరిక ఉండదు, నాకు తెలియనిది కాదు. నేనూ ఈ మెట్టలోనే పుట్టాను. కానీ తీరిక లేదని చేతిలో పది రూపాయలు పెట్టి పంపడం మొదలయ్యాక, మూడు వారాల్లో నలుగురు ప్రార్థనలో కళ్ళు తిరిగి పడిపోయారు. నలుగురి జేబులోనూ పది రూపాయలు ఉన్నాయి. రాత్రి అన్నంలో ఇన్ని మజ్జిగ పోసి మూతపెడితే పొద్దునకి సద్దన్నం తయారు. ఒక ఉల్లిపాయ ముక్క చాలు. దానికి పొయ్యీ అక్కర్లేదు, పది రూపాయలూ అక్కర్లేదు. "మా వాడు సద్ది తినడు మేడమ్" అని ఒక అమ్మ చెప్పింది. వాడు మధ్యాహ్నం బడిలో రెండోసారి అన్నం పెట్టించుకుంటాడమ్మా, నేను రోజూ చూస్తున్నాను. ఇకమీదట గేటు లోపలికి ప్యాకెట్లు రావు. తెచ్చినవాళ్ళ దగ్గర తీసుకుని సాయంత్రం ఇంటికి తిరిగి పంపిస్తాం, మీరే తిందురు గాని.

జెర్రిపోతు పోయింది సరే, మన చేలల్లో నిజం విషప్పాములూ ఉన్నాయి. తాచు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. వానలు మొదలైతే బయట తిరుగుతాయి. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ళని కరుస్తుంది, ఒక్కోసారి నొప్పి గానీ వాపు గానీ తెలియదు. పిలకాయల్ని మంచం మీద పడుకోబెట్టండి, కుదరకపోతే దోమతెర కట్టి అంచులు చాప కిందకి దోపండి. పాము కరిస్తే గాయం కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడు బిగించి కట్టకూడదు. ఉంగరాలు, పట్టీలు తీసేసి, కరిచిన చేయి గానీ కాలు గానీ కదపనీయకుండా 108కి ఫోన్ చేసి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోవాలి. విషానికి మందు అక్కడ ఉచితంగా ఇస్తారు. మంత్రం వేసే ఆయన మీద నాకే కోపమూ లేదు, ఆయన దగ్గరికి ఆసుపత్రి నుంచి వచ్చాక పోవచ్చు. ఆయన మనవడు మన బడిలోనే చదువుతున్నాడు, ఈ పాఠం వాడికి అందరికంటే బాగా వచ్చు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. పుస్తకాలు, బ్యాగు, బెల్టు, బూట్లు, యూనిఫాం గుడ్డ అందరికీ ఇచ్చాం. బూట్లు సరిపోకపోతే వెంటనే తెండి, వారం తొడిగి బురదలో తిప్పాక మార్చడం కుదరదు. శనివారం బ్యాగు తేనక్కర్లేదంటే బడి లేదని కాదు. పిలకాయల చదువు కోసం తల్లుల ఖాతాలో ప్రభుత్వం వేసే తల్లికి వందనం 13,000 రూపాయలు పడనివాళ్ళు ఖాతాకి ఆధార్ లింకు అయిందో లేదో సచివాలయంలో చూపించుకోండి. మిగతా 2,000 ఏమయ్యాయని నన్ను అడుగుతున్నారు, అవి బడుల నిర్వహణకని ప్రభుత్వమే పక్కన పెట్టింది, నా బీరువాలో లేవు. మూడు, నాలుగు, ఐదు తరగతులు ఈ ఏడాది ఆదర్శ ప్రాథమిక పాఠశాలకి మారాయి కాబట్టి ఆ చిన్నపిల్లల సంగతులు అక్కడి హెడ్మాస్టరు గారిని అడగాలి. నీళ్ళ సీసా మాత్రం మరవకండి.

ఇప్పుడు ఆ అట్ట ఊడిన పుస్తకం దగ్గరికి వస్తాను. ఈ ఉత్తరం మొత్తంలో నేను రాయాలనుకున్నది ఇదే. మన లైబ్రరీ అంటే ఆఫీసు రూములో ఒక ఇనప బీరువా. నేను ఈ బడికి వచ్చినప్పుడు దానికి తాళం వేసి ఉండేది, తాళం చెవి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. పుస్తకాలు పోతాయని భయం. పోతే పోనివ్వండి, చెదలు తినేకంటే పిలకాయలు పోగొట్టడం మేలు. మన కలిగిరి మండలంలో దూబగుంట ఉంది. 1990ల మొదట్లో అక్షరదీపం రాత్రి బడుల్లో అక్కడి ఆడవాళ్ళు, పగలంతా కూలికి పోయి వచ్చినవాళ్ళు, లాంతరు ముందు కూర్చుని అక్షరాలు దిద్దారు. వాచకంలో సారా వల్ల గుల్లయిపోయిన సంసారం గురించి ఒక పాఠం వచ్చింది. అది చదివి, ఇది మన ఇంటి కథే కదా అనుకున్నారు. ఆ తర్వాత సారా కొట్టు ముందు నిలబడ్డారు. వాళ్ళని ముందుండి నడిపిన రోశమ్మ గారి పేరు మీలో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఆ ఊళ్ళో మొదలైంది నెల్లూరు జిల్లా అంతా పాకి, రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో ప్రభుత్వం సారా నిషేధించింది. పలక పట్టుకున్న కూలి తల్లులు చేసిన పని అది! అలాంటి జిల్లాలో ఉండి, తొమ్మిదో తరగతి పిల్లవాడు తెలుగులో ఒక పేజీ తడుముకోకుండా చదవలేకపోతే నాకు నిద్ర పట్టదు. అందుకని ప్రతి శనివారం ప్రతి పిల్లా ఒక పుస్తకం ఇంటికి తెస్తుంది. మీరు చేయవలసింది ఒక్కటే. రాత్రి అన్నాలయ్యాక ఒక పావుగంట టీవీ ఆపి, చదివి వినిపించమని అడగండి. మీకు చదువు రాకపోయినా ఫరవాలేదు, వినడం వచ్చు కదా. ఫోన్ ఆ పావుగంట అటక మీద పెట్టండి. పిలకాయల ఫోన్ కాదు, మీ ఫోన్ గురించే చెబుతున్నాను.

ఇంకొకటి కూడా మనసులో ఉంది. ఒకప్పుడు ప్రకాశం జిల్లాలో ఉండి ఇప్పుడు బాపట్లలోకి పోయిన వేటపాలెంలో సారస్వత నికేతనం ఉంది. 1918లో పెట్టిన గ్రంథాలయం. 1929లో గాంధీ గారు అక్కడికి వచ్చారు, ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడే దాచి ఉంచారు. చలికాలంలో ఎనిమిది, తొమ్మిది తరగతుల్ని అక్కడికి తీసుకెళ్ళాలని ఉంది. బస్సు ఖర్చు గురించి తర్వాత మాట్లాడుకుందాం, ఇప్పుడే భయపడకండి.

చదివితే ఏమొస్తుందని అడిగేవాళ్ళకి ఒక మాట. పోయినేడు మన ఎనిమిదో తరగతి నుంచి ఇద్దరికి ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ వచ్చింది, అంటే ఎనిమిదో తరగతిలో పరీక్ష పెట్టి కేంద్ర ప్రభుత్వం ఇచ్చేది. ఏడాదికి 12,000 రూపాయల చొప్పున ఇంటర్ అయ్యేదాకా నాలుగేళ్ళు వస్తుంది. అందులో ఒకడు పొద్దున మేకల్ని తోలి బడికి వచ్చేవాడు, లెక్కల పుస్తకం సంచిలో పెట్టుకుని పోయేవాడు. ఒకరోజు మేక ఆ పుస్తకంలో రెండు పేజీలు తినేసింది. ఆ పేజీల్లోని లెక్కలన్నీ పక్కవాడి పుస్తకంలో చూసి రాసుకొచ్చి నాకు చూపించాడు. రెండోది అమ్మాయి. పరీక్ష ముందురోజు జ్వరం, అయినా పోయి రాసింది. ఫలితం వచ్చిన రోజు వాళ్ళ నాన్న బడికి వచ్చి ఏమీ మాట్లాడకుండా ఐదు నిమిషాలు నిలబడి వెళ్ళిపోయాడు. ఇవాళ్టికీ ఆ ఐదు నిమిషాలు నా కళ్ళముందే ఉన్నాయి. ఈ ఏడాది ఎనిమిదో తరగతి తల్లిదండ్రులు కుల, ఆదాయ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసి పెట్టుకోండి. ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. దరఖాస్తు ఆఖరి రోజున సచివాలయం ముందు క్యూలో నిలబడి నాకు ఫోన్ చేస్తే నేను చేయగలిగింది ఏమీ ఉండదు.

హాజరు గురించి. 6వ తేదీ నుంచి నెల్లూరులో రొట్టెల పండుగ. స్వర్ణాల చెరువులో తమ కోరిక పేరున్న రొట్టె పట్టుకోవడానికి మన ఊరి నుంచి ఏటా పోతారు, హిందువులూ పోతారు, ముస్లింలూ పోతారు. నేనూ ఒకసారి చదువు రొట్టె పట్టాను, ఉద్యోగం వచ్చింది. పోయి రండి. ఒక రోజు చాలు. పిలకాయల్ని ఐదు రోజులూ అక్కడే ఉంచి, చివరికి ఆరో రోజు అలసిపోయారని ఇంట్లో పడుకోబెట్టకండి. ఎందుకంటే 10వ తేదీ గురువారం తల్లిదండ్రుల సమావేశం. అందరూ రావాలి. తల్లులు తప్పకుండా రావాలి, తండ్రులు రచ్చబండ దగ్గర ఆగిపోకుండా రావాలి. ఇప్పుడు ఆషాఢం కాబట్టి పెళ్ళిళ్ళ గొడవ లేదు. శ్రావణం వచ్చాక మేనమామ పెళ్ళని వారం రోజులు సెలవు అడిగేవాళ్ళ జాబితా పోయినేడాదిది నా దగ్గర ఉంది. ఒక అబ్బాయికి ఒకే నెలలో మేనమామలు నలుగురు పెళ్ళి చేసుకున్నారు.

10వ తేదీ వచ్చేటప్పుడు ఒక పని చేయండి. పోయినేడు ఇంటికి తీసుకుపోయిన లైబ్రరీ పుస్తకాలు పదకొండు ఇంకా రాలేదు. ఇంట్లో బియ్యం డబ్బా మీదో, బీరువా పైనో ఉంటాయి, వెతికి తెండి. పేజీలు చిరిగినా, మేక తిన్నా ఏమీ అనను. పాముల పుస్తకానికి అట్ట వేయించాను, దాని కోసం ఇప్పటికే పద్నాలుగు మంది పేర్లు రాసుకున్నారు.

మీ,
ప్రధానోపాధ్యాయురాలు