ట్యాంకు కడిగిన తేదీ రాయండి

సంపాదకుడు గారికి,

మాది అనంతపురం జిల్లాలో ఓ పల్లె. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, మా నాయన పళ్ల మీద గోధుమరంగు చారలు ఇప్పటికీ ఉన్నాయి, నీళ్లు కాచి తాగినా ఫ్లోరైడ్ పోయేది కాదు. 1990ల్లో సత్యసాయి నీటి పథకం వచ్చాక జిల్లాలో వందల ఊళ్లకు పైపుల్లో మంచినీళ్లు అందాయి, మామూలు విషయమా! కానీ ఫిల్టర్‌బెడ్‌లో వడకట్టి, క్రిములు చావడానికి క్లోరిన్ కలిపి పంపిన నీళ్లు ఊరి ట్యాంకులో పాచి పట్టినా, పగిలిన పైపులోకి మురుగు దిగినా ఏం లాభం? మొన్న మా కుళాయిలో మొదటి బిందె ఎర్రగా, తుప్పు వాసనతో వచ్చింది. చివరి కుళాయి దగ్గర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలంటారు, చూసేవాళ్లేరీ? ముందు ట్యాంకు కడిగిన తేదీని దాని మీదే పెయింటుతో రాయించండి.

ఒక పాఠకుడు, అనంతపురం జిల్లా