వీడియో పాఠం ఆగుతోందా? కొత్త లాప్‌టాప్ కొనే ముందు ఇది చదవండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

జాతర సెలవులు అయిపోయాయి, పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయి. స్పెషల్ క్లాసు నుంచి ఇంటికి వచ్చాక పిల్లలు రివిజన్ వీడియోలు చూసుకుంటున్నారు. కొన్ని మన టీచర్లు రికార్డు చేసి పెట్టినవి, కొన్ని టీ-శాట్ (తెలంగాణ ప్రభుత్వ విద్యా చానెల్) పాఠాలు. ఈసారి తల్లిదండ్రుల సమావేశంలో మార్కుల తర్వాత ఎక్కువగా విన్నది ఈ మాటే: "మేడం, వీడియో పెట్టంగనే లాప్‌టాప్ కాలుతున్నది, ఫ్యాను మోత పెడుతున్నది, మాట వస్తది గానీ బొమ్మ ఆగిపోతది." కొందరు నెట్ ప్లాన్ పెంచుకున్నారు. ఇద్దరు ముగ్గురు కొత్త లాప్‌టాప్ కోసం చిట్టీ ఎత్తుకుందామని చూస్తున్నారు. ఆ డబ్బు తీసే ముందు ఒక్క వారం ఆగమని అడగడానికే ఈ ఉత్తరం.

ముందు తప్పు నెట్‌దా, లాప్‌టాప్‌దా తేల్చుకోండి. యూట్యూబ్ వీడియో కింద ఎర్ర గీత, దాని ముందు బూడిద రంగు గీత కనిపిస్తాయి. బూడిద గీత అంటే ఇప్పటికే ఇంటికి చేరిన వీడియో. ఎర్ర గీత దాన్ని అందుకుని, మధ్యలో గుండ్రంగా తిరుగుతూ ఉంటే నెట్ సరిపోవడం లేదు. బూడిద గీత చాలా ముందుకు వెళ్లిపోయి, మాట చక్కగా వినిపిస్తూ బొమ్మ మాత్రం కుదుపులతో వస్తుంటే నెట్‌కు ఏ రోగమూ లేదు, లాప్‌టాప్‌కు మెదడులాంటి ప్రాసెసర్ అలసిపోతోంది. అప్పుడు ఎంత పెద్ద ప్లాన్ వేయించినా ఫలితం ఉండదు.

మరి అదే వీడియో చిన్న ఫోన్‌లో హాయిగా ఆడుతోంది కదా అని చాలామంది అడిగారు. మంచి ప్రశ్న. వీడియో మన దగ్గరికి బాగా కుదించి వస్తుంది. దాన్ని సెకనుకు 25, 30, ఒక్కోసారి 60 బొమ్మలుగా విప్పాలి. ఈ పని కోసమే ఫోన్ చిప్‌లోనూ, లాప్‌టాప్‌లో తెర మీద బొమ్మను చూపించే గ్రాఫిక్స్ భాగంలోనూ విడిగా ఒక చిన్న విభాగం ఉంటుంది. అది పని చేస్తే ప్రాసెసర్‌కు దాదాపు శ్రమే ఉండదు. అది పని చేయకపోతే మొత్తం భారం ప్రాసెసర్ మీద పడుతుంది. పక్కనే రైసు మిల్లు పెట్టుకుని రోకలితో వడ్లు దంచినట్టే.

ఆ విభాగం ఎందుకు పని చేయదు? మన పిల్లల ఇళ్లలో ఎక్కువగా ఉన్నవి కంపెనీలు వాడి వదిలేసిన సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌లు. గట్టివే, నేను వాటికి వ్యతిరేకం కాదు. కానీ వీడియోను కుదించే పద్ధతులు మారుతూ వచ్చాయి. హెచ్.264 అనే పద్ధతి 2003లో వచ్చింది, దాన్ని ఈ పాత లాప్‌టాప్‌లన్నీ సులువుగా విప్పుతాయి. 2013లో వీపీ9, 2018లో ఏవీ1 వచ్చాయి. యూట్యూబ్ ఇప్పుడు ఎక్కువగా ఈ కొత్తవే పంపుతుంది, వాటితో డేటా ఆదా అవుతుంది కాబట్టి. ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్లలో వీపీ9ను పూర్తిగా విప్పే విభాగం 2016లో మొదలైన ఏడో తరం నుంచి ఉంది. ఏవీ1కు అయితే 2020లో వచ్చిన పదకొండో తరం కావాలి. మీది నాలుగో తరమో ఐదో తరమో అయితే ప్రాసెసర్ ఒక్కటే చెమటోడుస్తోందని అర్థం.

దీన్ని చూసుకోవడం కష్టం కాదు. వీడియో మీద మౌస్ కుడి బటన్ నొక్కి "స్టాట్స్ ఫర్ నెర్డ్స్" ఎంచుకోండి. కోడెక్స్ అనే వరసలో వీపీ09 లేదా ఏవీ01 అని ఉంటే కొత్త పద్ధతి, ఏవీసీ1 అని ఉంటే పాతది. అక్కడే ఫ్రేమ్స్ వరసలో డ్రాప్డ్ అనే మాట పక్కన అంకె గబగబా పెరుగుతుంటే బొమ్మలు జారిపోతున్నాయన్నమాట. పాత లాప్‌టాప్ అయితే బ్రౌజర్‌లో హెచ్264ఇఫై లాంటి ఉచిత ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాం) వేసుకోండి. యూట్యూబ్‌ను పాత పద్ధతిలోనే పంపమని అది అడుగుతుంది. అలా వీడియో క్వాలిటీ, అంటే బొమ్మ స్పష్టత, 1080 వరకే వస్తుంది. పాఠానికి అది ధారాళంగా సరిపోతుంది.

నిజానికి 1080 కూడా అవసరం లేదు. చాలా పాత లాప్‌టాప్‌ల తెర 1366 బై 768 మాత్రమే, అంటే సుమారు పదిన్నర లక్షల చుక్కలు. 1080 వీడియోలో ఒక్కో బొమ్మకు ఇరవై లక్షల పైచిలుకు చుక్కలుంటాయి. వాటన్నిటినీ విప్పి, సగం పారేసి చూపించాలి. క్వాలిటీ 720 పెట్టుకుంటే పని సగానికి పైగా తగ్గుతుంది, బోర్డు మీద లెక్క అంతే స్పష్టంగా కనిపిస్తుంది. పిల్లలకు ఇది ఈ రోజే చెప్పండి.

ఇంకో కారణం ఫార్మాట్. షాపులో విండోస్ కొత్తగా వేయించినప్పుడు గ్రాఫిక్స్ డ్రైవర్ (గ్రాఫిక్స్ భాగాన్ని విండోస్‌తో పని చేయించే సాఫ్ట్‌వేర్) వేయకుండా ఇచ్చేయడం జరుగుతుంటుంది. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద ఇంటెల్ లేదా ఏఎమ్‌డీ పేరు కాకుండా "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అని ఉంటే అదే సమస్య. లాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి ఆ మోడల్ డ్రైవర్ దించుకుంటే చాలు. డ్రైవర్లు వెతికి పెడతాం, స్పీడు పెంచుతాం అని ఊరించే సాఫ్ట్‌వేర్‌లను మాత్రం దయచేసి ముట్టుకోవద్దు. ఉన్న బరువుకు అవి ఇంకాస్త కలుపుతాయి. డ్రైవర్ సరిగా ఉన్నాక క్రోమ్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ అనే చోట గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. పాత వెర్షన్లలో దీన్ని హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ అంటారు. ఎవరో చెప్పారని ఆఫ్ చేసి మరచిపోయిన ఇళ్లు ఉంటాయి.

అన్నీ చేశాక కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పర్ఫార్మెన్స్‌లో జీపీయూ (అంటే గ్రాఫిక్స్ భాగం) మీద నొక్కి వీడియో పెట్టండి. వీడియో డీకోడ్ గీత లేచిందంటే గెలిచినట్టే. ప్రాసెసెస్ పేజీలో సీపీయూ (అంటే ప్రాసెసర్) వరస పైన నొక్కితే ఎక్కువ తింటున్నది ముందు కనిపిస్తుంది. అక్కడ విండోస్ అప్‌డేటో, "యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్" అనే వైరస్ తనిఖీయో ఉంటే కంగారు పడొద్దు. వారానికోసారి తెరిచే లాప్‌టాప్ తెరవగానే పెండింగ్ పనులన్నీ మొదలుపెడుతుంది. ఆదివారం పొద్దున చార్జింగ్‌లో పెట్టి, నెట్ ఇచ్చి, దాని మానాన దాన్ని వదిలేయండి. సాయంత్రం పాఠం వేళకు అవి అడ్డురావు.

వేడి గురించి గట్టిగా చెప్పాలి. ప్రాసెసర్ వేడి దాని హద్దుకు, చాలావాటికి అది 100 డిగ్రీల దగ్గర, చేరితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అదే పని నెమ్మదిగా చేయాల్సి వస్తుంది, వీడియో మళ్లీ కుదుపులే. పరుపు మీద, దిండు మీద పెడితే కింది గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. చదువుకునే బల్ల మీదో, వెడల్పాటి గట్టి అట్ట మీదో పెట్టించండి. మేలో మన దగ్గర 44, 45 డిగ్రీల ఎండలు చూస్తుంటాం, కాబట్టి రెండేళ్లుగా విప్పి శుభ్రం చేయించని లాప్‌టాప్ అయితే ఇప్పుడే ఫ్యాను దుమ్ము తీయించి, ప్రాసెసర్ మీద వేడిని బయటికి పంపే పేస్టు మార్పించండి.

డబ్బు పెట్టాల్సిందే అనుకుంటే, నాలుగు జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్ ఉన్న లాప్‌టాప్‌కు ఎనిమిది జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కన్నా వేగమైన డిస్క్) వేయించడం నా దృష్టిలో మంచి ఖర్చు. కొన్ని సన్నటి మోడళ్లలో ర్యామ్ మార్చే వీలుండదు, అడిగి తెలుసుకోండి.

ఒక విన్నపం. గేమ్స్ ఎక్కించి పాడు చేశావని పిల్లల్ని తిట్టకండి. పైన చెప్పిన కారణాల్లో చాలావాటికి వాళ్లు బాధ్యులు కారు. పాఠం మూడుసార్లు ఆగేసరికే వాళ్ల ధ్యాస చెదిరిపోతుంది, పరీక్ష టెన్షన్ ఉండనే ఉంది. దాని మీద మాట కూడా పడితే వీడియో మూసేసి కూర్చుంటారు. నాకు అదే బాధ.

మా వైపు నుంచి కూడా కొన్ని మారుస్తున్నాం. లైవ్ డౌట్ క్లాసుల్లో ఇక కెమెరా తప్పనిసరి కాదు. కెమెరా ఆన్‌లో ఉంటే లాప్‌టాప్ వచ్చే వీడియోను విప్పుతూనే తన వీడియోను కుదించి పంపాలి, వెనక గదిని మసకగా చూపించే బ్లర్ అయితే ఇంకా భారం. పిల్లలు పేరు చెప్పి హాజరు వేయించుకుంటే చాలు. మన టీచర్ల పాఠాలు ఇకపై 720లో, హెచ్.264 పద్ధతిలోనే రికార్డు చేస్తాం. పెన్‌డ్రైవ్ తెచ్చిన వాళ్లకు కాపీ చేసి ఇస్తాం, వాటికి నెట్ కూడా అక్కర్లేదు.

ఇవన్నీ చేసుకోవడం కుదరనివాళ్లు వచ్చే రెండు శనివారాలు మధ్యాహ్నం రెండు తర్వాత లాప్‌టాప్ తీసుకుని మన కంప్యూటర్ ల్యాబ్‌కు రండి. మా కంప్యూటర్ టీచర్ మీ ముందే చూసి సరిచేస్తారు, రుసుము ఏమీ లేదు. చార్జర్ మరవకండి. ముఖ్యమైన ఫొటోలు, కాగితాలు ఉంటే ముందే వేరేచోట కాపీ పెట్టుకోండి. ఇంట్లో లాప్‌టాప్ లేని పదో తరగతి పిల్లలకు పరీక్షలయ్యే దాకా ల్యాబ్ రోజూ సాయంత్రం ఆరున్నర వరకు తెరిచే ఉంటుంది, పిల్లల్ని ఇంటికి తీసుకెళ్లడానికి పెద్దలు ఒకరు రావాలి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు
కాజీపేట