మొదటి ఫిర్యాదులోనే రెండూ రాయాలి

సంపాదకులకు,

మిర్చి సీజన్‌లో మహిళా కూలీల కష్టాలపై మీరు ఇటీవల రాసిన సంపాదకీయం చదివాను. కూలి రేట్లు, మంచినీళ్ళు, మరుగుదొడ్ల గురించి మీరు చెప్పినవన్నీ నిజమే. అయితే వారిలో చాలామంది దళితవాడల నుంచి వస్తారన్న సంగతిని వదిలేయడంతో సమస్యలో సగమే పాఠకుల ముందుకు వచ్చింది.

ఆ మిగతా సగం గురించి, అంటే ఆడవారిపై వివక్ష, పుట్టుకను బట్టి వివక్ష ఒకే మనిషిపై కలిసి పడటం గురించి, అమెరికాలోని నల్లజాతి స్త్రీలు చాలా లోతుగా ఆలోచించారు. 1964కు ముందు జనరల్ మోటార్స్ కార్ల కంపెనీ నల్లజాతి స్త్రీలను పనిలోకి తీసుకోలేదు. తర్వాత చేరినవారిని మాంద్యం వచ్చినప్పుడు, చివర చేరినవారే ముందు పోవాలన్న సీనియారిటీ నియమం కింద తొలగించింది. ఐదుగురు మహిళలు మిస్సోరీలోని ఫెడరల్ కోర్టుకు వెళ్ళారు. కంపెనీ అంతకుముందు నుంచీ స్త్రీలను తీసుకుంటూనే ఉంది కాబట్టి స్త్రీ వివక్ష లేదని, జాతి వివక్ష సంగతి వేరే కేసులో చూసుకోవాలని, రెండూ కలిపి అడగడం కుదరదని 1976లో కోర్టు తేల్చింది. అంతకుముందు కంపెనీ తీసుకున్న ఆ స్త్రీలు తెల్లవారు. ఈ తీర్పులోని అన్యాయాన్ని న్యాయ పండితురాలు కింబర్లే క్రెన్షా 1989లో విడమరచి చూపారు. అంతకు ముందే, 1977లో, బోస్టన్‌కు చెందిన నల్లజాతి స్త్రీవాదుల బృందం కొంబాహీ రివర్ కలెక్టివ్ సభ్యులు జాతి, వర్గ, లింగ పీడనలు తమ బతుకుల్లో ఒకేసారి ఎదురవుతాయని, వాటిని విడదీసి చూడటం కష్టమని ప్రకటించారు.

ఇవి ఎక్కడో దూరదేశపు విషయాలు కావు. మన ఊరి కోల్డ్ స్టోరేజీ షెడ్డులో, ఘాటుకు తట్టుకోలేక కొంగు ముక్కుకు చుట్టుకుని తొడిమలు తీసే ఒక మహిళ చెయ్యి మేస్త్రీ పట్టుకున్నాడు. ఆమె విదిలించుకోగానే కులం పేరెత్తి తిట్టాడు. ఫిర్యాదుకు వెళ్ళినప్పుడు న్యాయవాదిగా నేను ఆమె వెంట ఉన్నాను. "చెయ్యి పట్టుకున్నాడా, కులం పేరుతో తిట్టాడా, ఏదో ఒకటి చెప్పమ్మా" అని పోలీసులు అడిగారు. ఆమెకు ఆ రెండూ ఒకే నిమిషంలో, ఒకే మనిషి చేతిలో జరిగాయి. సంఘాల్లోనూ ఇదే తీరు: దళిత సంఘాలు ఆడవాళ్ళ సంగతి తర్వాత చూద్దామంటాయి, మహిళా సంఘాలు ఇందులో కులం ఎందుకంటాయి.

కులం కోణానికి సాక్ష్యం లేకపోతే ఏమవుతుందో మన రాష్ట్రం నుంచే సుప్రీంకోర్టుకు వెళ్ళిన పటాన్ జమాల్ వలీ కేసు చూపించింది. పుట్టుకతోనే చూపు లేని ఎస్సీ యువతిపై జరిగిన అత్యాచారం అది. స్త్రీ కావడం, దళితురాలు కావడం, అంధురాలు కావడం ఆమె మీద కలిసి ఎలా పనిచేశాయో 2021 తీర్పులో న్యాయస్థానం ఎంతో శ్రద్ధగా వివరించింది. అత్యాచార నేరానికి పడిన శిక్షను ఖాయం చేసింది. కానీ కులం కారణంగానే నేరం జరిగిందనడానికి సాక్ష్యం లేదంటూ ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద పడిన శిక్షను కొట్టేసింది. బాధితురాలి కులం నిందితుడికి తెలిసి ఉంటే చాలునన్న సవరణ 2016లో అమల్లోకి వచ్చింది, ఈ నేరం అంతకు ముందుది. ఆ సవరణ ఎంత మేలు చేసినా, నిందితుడు అన్న మాటలు మొదటి వాంగ్మూలంలోనే లేకపోతే కోర్టులో వాటిని నిలబెట్టడం ఎంత కష్టమో ఈ వృత్తిలో ఉన్నవారందరికీ తెలుసు.

అందువల్ల గుంటూరు పోలీసు అధికారులకు నా విన్నపం: ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అవసరం లేదని ఎస్సీ, ఎస్టీ చట్టానికి 2018లో చేసిన సవరణ స్పష్టంగా చెబుతోంది కనుక, లైంగిక నేరాల సెక్షన్లతో పాటు ఎస్సీ, ఎస్టీ చట్టం సెక్షన్లనూ మొదటి రోజే చేర్చండి, తిట్టిన మాటలను తిట్టినట్టే రాయండి. పదిమంది కంటే తక్కువ పనివారున్న చోట్లయినా, యజమానిపైనే ఫిర్యాదు ఉన్నప్పుడైనా, పనిచేసే చోట లైంగిక వేధింపులను నిరోధించే 2013 చట్టం ప్రకారం మహిళలు వెళ్ళాల్సింది జిల్లా స్థానిక కమిటీకి. ఆ కమిటీ చిరునామా, ఫోన్ నంబరు మిర్చి యార్డులోనూ, ప్రతి కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గరా తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించాలని కలెక్టరు గారిని కోరుతున్నాను. అవే వివరాలను మీ జిల్లా పేజీలో కూడా ప్రచురించగలరు.

ఇట్లు,
ఒక మహిళా న్యాయవాది,
బ్రాడీపేట, గుంటూరు