పెయింట్‌బాల్ మార్కర్‌కు గాలి ట్యాంకు కొనేవారి కోసం

సంపాదకులకు,

నమస్కారం. పెయింట్‌బాల్ కొత్తగా మొదలుపెట్టేవారి కోసం మీరు ప్రచురించిన వ్యాసంలో మార్కర్ల (రంగు బంతులను కాల్చే తుపాకుల) గురించి, ముఖ కవచాల గురించి చక్కగా వివరించారు గానీ, ఆ మార్కర్‌ను పనిచేయించే గాలి విషయాన్ని ఒక్క వాక్యంతో సరిపెట్టారు. నేను చూసినంతవరకు కొత్తవారు డబ్బు వృథా చేసుకునేది ఎక్కువగా అక్కడే.

మార్కర్ నడిచేది కార్బన్ డయాక్సైడ్‌తో గానీ సంపీడిత గాలితో గానీ. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌లో ద్రవరూపంలో ఉంటుంది కనుక దాని పీడనం ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 830 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఉన్నది సున్నా డిగ్రీల వద్ద దాదాపు 500కు పడిపోతుంది. ఆగకుండా కాలుస్తుంటే సిలిండరే చల్లబడి బంతి వేగం తగ్గుతుంది. ద్రవం మార్కర్‌లోకి చేరితే లోపలి సీళ్లు దెబ్బతింటాయి. ద్రవం వాయువుగా మారేందుకు చోటిచ్చే ఎక్స్‌పాన్షన్ చాంబర్లు, ద్రవాన్ని మార్కర్‌లోకి రానివ్వని యాంటీ సైఫన్ గొట్టాలు అమ్మేది ఈ చిక్కును సరిదిద్దడానికే. మొదట్లో నేను వాటిని ఒక్కొక్కటిగా కొన్నాను. ఆ ఖర్చును సంపీడిత గాలి ట్యాంకుకే పెట్టి ఉంటే వాటి అవసరమే ఉండేది కాదు.

గాలి ట్యాంకు మీద 48/3000, 68/4500 వంటి అంకెలు కనిపిస్తాయి. మొదటిది ఘనపు అంగుళాల్లో పరిమాణం, రెండోది పీఎస్ఐలో నింపదగిన గరిష్ఠ పీడనం. 68/4500 ట్యాంకులో 48/3000 ట్యాంకుకు సుమారు రెట్టింపు గాలి పడుతుంది. అయితే ఆడే మైదానంలో 3000 వరకే నింపే సౌకర్యం ఉంటే, 4500 ట్యాంకుకు పెట్టిన అదనపు డబ్బుకు తగిన ఫలం దక్కదు. ట్యాంకు మీది రెగ్యులేటర్ (పీడనాన్ని తగ్గించి పంపే పరికరం) నుంచి బయటకు వచ్చే పీడనాన్ని కూడా అడిగి తెలుసుకోవాలి. సాధారణంగా అది 800 పీఎస్ఐ ప్రాంతంలో ఉంటుంది, తక్కువ పీడనం ఇచ్చేవి 450 దగ్గర ఉంటాయి. మార్కర్‌కు ఎంత కావాలో దాని కరదీపికలో చూసిన తరువాతే ఎంచుకోవాలి. పాత ట్యాంకు కొనేవారు రంగు, మెరుపు కన్నా ముందు దాని మీద ముద్రించిన హైడ్రో పరీక్ష (నీటి పీడనంతో ట్యాంకు గట్టిదనాన్ని చూసే పరీక్ష) తేదీని చూడాలి. గడువు దాటిన ట్యాంకును బాధ్యత గల మైదానాలు నింపవు.

ఇక చిన్న వస్తువుల సంగతి. ట్యాంకు నోటి దగ్గర గాలి కారకుండా ఆపే ఓ-రింగ్ అనే చిన్న వలయం చీలిపోయి నా ఆట మధ్యలోనే ఆగిపోయింది. జేబులో నాలుగు ఓ-రింగులు ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయే పని అది. యూరిథేన్‌తో చేసినవి ఎక్కువ కాలం నిలుస్తాయి. ఆన్-ఆఫ్ అడాప్టర్ ఉంటే ముందు గాలి ఆపి, గొట్టంలో మిగిలినదాన్ని వదిలేసి, ఆ తరువాత ట్యాంకు విప్పవచ్చు కనుక ఆ ఓ-రింగ్ అంత తొందరగా చీలదు. నా ఉద్దేశంలో ట్యాంకు తరువాత మొదట కొనవలసింది ఇదే. బరువైన ట్యాంకును మార్కర్‌కు కాక వీపున తగిలించుకునే రిమోట్ లైన్ మణికట్టుకు హాయినిస్తుంది, కానీ పరుగులో అడ్డుపడుతుంది. అది ఎవరి ఇష్టం వారిది.

రెండు హెచ్చరికలను మాత్రం తప్పక అచ్చు వేయాలని నా విన్నపం. గాలి నింపే నిప్పిల్ మీద నూనె గానీ గ్రీజు గానీ ఎన్నడూ వేయకూడదు, ఎందుకంటే అధిక పీడనపు గాలి వేగంగా దూరినప్పుడు పుట్టే వేడికి అది అంటుకునే ప్రమాదం ఉంది. అలాగే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌ను మార్కర్ నుంచి విప్పేటప్పుడు తిరుగుతున్నది సిలిండరూ వాల్వూ కలిసేనా, లేక వాల్వ్ మార్కర్‌కే ఉండిపోయి సిలిండర్ ఒక్కటే తిరుగుతోందా అన్నది కనిపెట్టి చూడాలి. వాల్వ్ ఊడితే సిలిండర్ తూటాలా దూసుకుపోతుంది. అమెరికాలో ఇలా ప్రాణాలు పోయాయి. రెండింటి మీదా కలిసేలా రంగుతో ఒక గీత గీసుకుంటే, ఆ గీత విడిపోవడం మొదలైన క్షణంలోనే చెయ్యి ఆపి, సిలిండర్‌ను తెలిసిన సాంకేతికుడికి అప్పగించవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు